ఆగాల్సిన చోట

కదిరమ్మ పుట్టినప్పుడు ఏ లోపమూ కనిపించలేదు. బొద్దుగా ఉండేది, వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేది. పదో నెలలో ఆ ఏడుపు సన్నబడింది. పెదవుల రంగు పోయింది. ఏడాది నిండేసరికి కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయి, పొట్ట ఎడమవైపు గట్టిగా ఏదో చేతికి తగలసాగింది.

తండ్రి రామచంద్రప్పది కృష్ణగిరి దగ్గరి బర్గూరు. వాళ్ళ నాయన రాళ్ళు కొట్టేవాడు. రామచంద్రప్ప ఎస్సెల్సీ దాకా చదివి బెంగళూరులో ఒక పరిశోధనశాలలో అటెండరుగా చేరాడు. గాజు సామాన్లు కడగడంతో మొదలై, నాలుగేళ్ళలో సూక్ష్మజీవులకు మేత కాచి గాజు పళ్ళాల్లో పోసే పని దాకా వచ్చాడు. హోసూరులో కాపురం, రోజూ బస్సులో రాకపోకలు. భార్య మంజులమ్మ అతని సొంత అక్క కూతురే. ఆ అక్క అంగాళమ్మ కృష్ణగిరిలో మామిడి మండీలో కాయలు ఏరే పనికి పోయేది.

కృష్ణగిరి డాక్టరు ఇచ్చిన టానిక్కులు ఆరు నెలలు తాగించాక, ఎవరో చెబితే బిడ్డను బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు ముగ్గురి రక్తమూ తీసి చూశాడు. వారం తర్వాత పిలిచి కూర్చోబెట్టాడు.

"మీరిద్దరూ పెళ్ళికి ముందు చుట్టాలా?"

"మా అమ్మకు సొంత తమ్ముడు" అంది మంజులమ్మ.

డాక్టరు తలాడించాడు. రక్తంలోని ఎర్ర కణాల్లో ఉండాల్సిన ఒక ప్రోటీన్ ఈ బిడ్డ ఒంట్లో తయారు కావడం లేదన్నాడు. ఆ లోపం తల్లిలో సగం, తండ్రిలో సగం ఉంది, సగం ఉన్నవాళ్ళకు ఏమీ కాదు, బిడ్డకు రెండు సగాలూ చేరాయన్నాడు. నెలకోసారి రక్తం ఎక్కించాలి. అది తప్ప వేరే మందు లేదు.

"ఎన్నాళ్ళు ఎక్కియ్యాల సార్?" అని అడిగాడు రామచంద్రప్ప.

"ఉన్నన్నాళ్ళు."

ఈ మాట కృష్ణగిరికి చేరినప్పుడు అంగాళమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. "నా బిడ్డను నా తమ్మునికి ఇచ్చినాను. బయట ఇచ్చింటే ఈ పసిదానికి ఈ గతి వచ్చిండదు కదా" అని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుని ఏడ్చింది.

నెలనెలా రక్తం ఎక్కుతూ కదిరమ్మ పెరిగింది. ఎక్కించిన పది రోజులు ఆడేది, తర్వాత వాడిపోయేది. పరుగెత్తే బలం లేదు కాబట్టి అరుగు మీద కూర్చుని వినడమే దాని ఆట. హోసూరు బస్సులన్నీ దానికి తెలుసు. మలుపులో హారను వినగానే, "ఇది సేలం బస్సు. తోలేది మీసాలాయన" అనేది. తప్పు పోయేది కాదు. అవ్వ అంగాళమ్మ చెప్పిన కథలు తిరిగి చెప్పేటప్పుడు అవ్వ గొంతుతో అవ్వలాగా, రాజు గొంతుతో రాజులాగా మాట్లాడేది. తండ్రి ఇంటికొస్తే దినమంతా తను విన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పి గానీ నిద్రపోయేది కాదు.

అతని పరిశోధనశాలలో కాత్యాయని అనే అమ్మాయి డాక్టరేటు కోసం పనిచేస్తుండేది. కృష్ణగిరిలో బట్టల అంగడి శ్రీరంగయ్య గారి కూతురు. తమ వైపు ఊరివాడని రామచంద్రప్పతో తెలుగులోనే మాట్లాడేది. కదిరమ్మకు రక్తం కావాల్సి వచ్చినప్పుడు రెండుసార్లు తన రక్తం ఇచ్చింది. అతనికి చదువు తక్కువైనా పని మీద ఉన్న శ్రద్ధ చూసి, తను చేసేదేమిటో విడమరిచి చెప్పేది.

1965 నవంబరులో ఒక ఉదయం ఆమె ఒక గాజు పళ్ళెం పట్టుకుని అతని బల్ల దగ్గరికే వచ్చింది.

"రామచంద్రప్పా, ఇది చూడండి."

పళ్ళెంలో మిగతా చోట ఏమీ పెరగలేదు. మధ్యలో చిన్న కాగితం బిళ్ళ, దాని చుట్టూ మాత్రం తెల్లగా వలయం కట్టి సూక్ష్మజీవులు పెరిగి ఉన్నాయి.

"నిన్న నేనే పోసినాను కదమ్మా ఈ మేత. దీంట్లో ఈ రకం బతకదంటిరే?"

"బతకదు. దానికి కావాల్సిన ఒక ప్రోటీన్ అది చేసుకోలేదు. ఎందుకో తెలుసా?" కాత్యాయని స్టూలు లాక్కుని కూర్చుంది. "ప్రోటీన్ ఎట్లా చెయ్యాలో కణంలో ఒక రాత ఉంటుంది. కణంలో ఉండే చిన్న యంత్రం ఆ రాతను మూడేసి అక్షరాలుగా చదువుకుంటూ పోయి, ఒక్కో మాటకు ఒక్కో పూస కూరుస్తుంది. చివర్లో 'ఇక ఆగు' అని ఒక మాట ఉంటుంది. అక్కడ ఆగి, కట్టిన దండను వదిలేస్తుంది. ఈ రకంలో ఒక్క అక్షరం మారి, ఆ 'ఆగు' నడిమధ్యలోనే వచ్చింది. అది అక్కడే ఆగిపోతుంది. సగం దండ దేనికీ పనికిరాదు."

"మరి ఈ చుట్టూరా పెరిగిందేమి?"

"ఆ బిళ్ళకు స్ట్రెప్టోమైసిన్ పూసినాను. ఆ మందుకు చావని రకం ఇది. మందు పోయి ఆ యంత్రానికి అతుక్కుంటే, అది తడబడి తప్పుగా చదువుతుంది. ఆగమన్న చోట ఆగకుండా ఏదో ఒక పూస గుచ్చి ముందుకు పోతుంది. అన్నిసార్లూ కాదు, నూటికి ఒకటో రెండో సార్లు. ఆ కొంచెంతోనే ఇది బతికింది. విదేశాల్లో పోయినేడు చూసినారు. మన దగ్గర ఇదే మొదలు."

రామచంద్రప్ప పళ్ళేన్ని కిటికీ వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మా కదిరి రక్తంలో కూడా ఇట్లనే నడిమధ్యలో ఆగిపోతా ఉండొచ్చా అమ్మా?"

కాత్యాయని ముఖంలో సంతోషం పోయింది. అతను ఎటు పోతున్నాడో ఆమెకు అర్థమైంది.

"అది ఎవరికీ తెలీదు రామచంద్రప్పా. ఇంకేదైనా లోపం కావచ్చు. ఒకవేళ అదే అయినా, మన ఒంట్లో యంత్రం వేరే తీరుగా ఉంటుంది. ఈ మందు దానికి పట్టదు. అందుకే క్షయ వచ్చినవాళ్ళకు సూది వేస్తే క్రిములు చస్తాయి, మనిషి చావడు. పైగా ఆ మందు ఎక్కువ దినాలు వాడితే చెవులకు చెడ్డది. ఈ ఆలోచన పెట్టుకోవద్దు."

"ఎవరికీ తెలీదంటే, లేదని కాదు కదమ్మా?"

ఆమె సైన్సు చదువుకున్న మనిషి. అబద్ధం చెప్పలేకపోయింది.

"కాదు" అంది.

ఆ చలికాలమంతా అతను మామూలుగా పని చేశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కదిరమ్మ పరిస్థితి దిగజారింది. నెలకు ఎక్కించే రక్తం మూడు వారాలకే చాలకుండా పోయింది. ముఖంలో ఎముకలు ముందుకొచ్చాయి. మార్చిలో డాక్టరు అతన్నొక్కడినే పక్కకు పిలిచి, గుండె మీద భారం పడుతోందనీ, బతికేది ఇక ఏడాదో రెండేళ్ళో అనీ చెప్పాడు. రామచంద్రప్ప ఆ మాట భార్యకు చెప్పలేదు.

ఏప్రిల్‌లో తల్లీ కూతుళ్ళను కృష్ణగిరికి అంగాళమ్మ దగ్గరికి పంపించాడు. మామిడికాయల కాలం, మండీలో పని ఎక్కువ, మంజులమ్మ కూడా తల్లికి సాయంగా పోవచ్చు. తర్వాతి ఆదివారం తను ఒక సంచితో వచ్చాడు. అందులో స్ట్రెప్టోమైసిన్ సీసాలున్నాయి. ఆ వీధిలోనే గుర్రప్ప అనే కాంపౌండరు ఉండేవాడు. క్షయ రోగులకు ఇంటింటికీ పోయి సూదులు వేసేవాడు కాబట్టి ఆ మందు అతనికి కొత్త కాదు.

"పసిబిడ్డకు దినామూనా రామచంద్రప్పా?"

"బెంగళూరు డాక్టరు రాసిచ్చినాడు గుర్రప్పా. దినానికొకటి, అరవై దినాలు."

"చీటీ యాడ?"

"ఇంటికాడ మర్చిపోయినాను. పై వారం తెస్తాను."

గుర్రప్ప ఇంకేమీ అడగలేదు. పెద్ద పరిశోధనశాలలో పనిచేసే మనిషి మాట మీద అతనికి నమ్మకం. మంజులమ్మ అడిగితే రామచంద్రప్ప, "రక్తం నిలిచేదానికి, బలానికి" అన్నాడు.

మొదటి రోజు బిడ్డను తనే పట్టుకున్నాడు. మిగతా రోజులన్నీ మంజులమ్మ పట్టుకుంది. మండీకి పోయే ముందు కదిరమ్మను ఎత్తుకుని గుర్రప్ప ఇంటికి పోయి, కాళ్ళు తన తొడల మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ బిగబట్టి, "అయిపోయింది బంగారూ, అయిపోయింది" అనేది. ఎముకల మీద చర్మమే కదా, సూది దిగేదానికి చోటుండేది కాదు. కొన్నాళ్ళకు కదిరమ్మ ఏడవడం మానేసింది. "నాయన చెప్పినాడు, ఈ సూదితో నేను ఇస్కూలుకు పోతాను" అనేది గుర్రప్పతో.

రామచంద్రప్ప ప్రతి ఆదివారం వచ్చి, కూతురు కనురెప్ప కిందికి లాగి రంగు చూసేవాడు. పొట్ట మీద వేళ్ళు పెట్టి కొలిచేవాడు. చూసిందంతా ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. మూడో ఆదివారం రెప్ప కింద ఎరుపు కనిపించింది. అంతకు ఆరు రోజుల ముందే కృష్ణగిరి ఆసుపత్రిలో రక్తం ఎక్కించారన్నది అతనికి తెలుసు. అయినా ఆ ఎరుపును మందు తెచ్చిందనే రాసుకున్నాడు. ఆ రోజు బస్టాండు దాకా నవ్వుతూ నడిచాడు.

అయిదో వారంలో కదిరమ్మ నడుస్తూ గోడ పట్టుకోసాగింది. "నేల ఊగుతాంది అవ్వా" అంది. నీరసం అనుకున్నారు. నలభై రెండో సూది వేసిన రోజు, మంజులమ్మ వంటింట్లో ఉండగా ఇత్తడి బిందె జారి బండ మీద పడింది. పక్కింటివాళ్ళు కూడా ఉలిక్కిపడి వచ్చారు. రెండడుగుల దూరంలో గోడకు తిరిగి కూర్చున్న కదిరమ్మ కదల్లేదు. మామిడి టెంకకు ముక్కూ కళ్ళూ గీసుకుంటూ అట్లాగే ఉంది.

"కదిరీ!" అని కేక వేసింది మంజులమ్మ. వెనక నుంచే మళ్ళీ కేక వేసింది. తర్వాత ముందుకు పోయి భుజం పట్టుకుంది. బిడ్డ తలెత్తి, తల్లి పెదవులు కదలడం చూసి, "గట్టిగా చెప్పమ్మా" అంది.

బెంగళూరు ఆసుపత్రిలో డాక్టరు చెవుల్లో వెలుగు వేసి చూశాడు. చెవుల దగ్గర శ్రుతిదండం మోగించాడు. తర్వాత, "ఈ మధ్య వేరే మందేమైనా వాడారా?" అని అడిగాడు.

"మీరు రాసిచ్చిన బలం సూదే సార్" అంది మంజులమ్మ.

"నేనా? నేను ఏ సూదీ రాయలేదే."

మంజులమ్మ భర్త వైపు తిరిగింది. రామచంద్రప్ప జేబులోంచి ఖాళీ సీసా తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు దాని మీది పేరు చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎవరు రాశారు?"

"నేనే సార్."

"ఎందుకు?"

రామచంద్రప్ప చెప్పబోయాడు. మూడక్షరాల మాటలు, నడుమ ఆగిపోవడం, పళ్ళెంలో వలయం. కొంత చెప్పేసరికి తనకే ఆ మాటలు పిచ్చివాడి మాటల్లా వినిపించాయి. మధ్యలో ఆపేశాడు. డాక్టరు అతన్ని తిట్టలేదు. "పోయిన వినికిడి తిరిగి రాదమ్మా" అని మంజులమ్మకు చెప్పి, కదిరమ్మ తల మీద చెయ్యి పెట్టి, ఆ రోజుకు రక్తం ఎక్కించే ఏర్పాటు చేశాడు.

తిరిగి వచ్చే బస్సులో మంజులమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ముందు ఆడవాళ్ళ వరుసలో కూర్చుంది. రాష్ట్ర సరిహద్దు దగ్గర జూజువాడి చెక్‌పోస్టులో బస్సు ఆపి సామాన్లు వెతుకుతుంటే అందరూ దిగారు. రామచంద్రప్ప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మంజులా."

"నేను దాని చేతులు పట్టుకున్నాను మామా" అంది ఆమె, రోడ్డు వైపు చూస్తూ. "నలభై ఒక్క దినాలు. కదలనియ్యకుండా నేను పట్టుకున్నాను. నాకు చెప్పింటే నేను ఒప్పుకునేదాన్నో లేదో నాకూ తెలీదు. బతుకుతుందంటే ఒప్పుకునేదాన్నేమో. కానీ నువ్వు చెప్పలేదు."

"బతుకుతుందనుకున్నాను."

"తెలుసు. అదే నాకు తట్టుకోలేకుండా ఉండాది."

హోసూరులో అతను దిగాడు. ఆమె దిగలేదు. అదే బస్సులో కృష్ణగిరికి పోయింది.

అంగాళమ్మ తమ్ముణ్ణి ఇంట్లోకి రానిచ్చింది గానీ, మూడు ఆదివారాల దాకా ముఖం చూడలేదు. కదిరమ్మకు మాత్రం ఏదీ అర్థం కాలేదు. తన చెవులు పోయాయని దానికి తెలీదు. లోకంలో శబ్దమే ఆగిపోయిందనుకుంది. అందరూ పెదవులు కదుపుతారు, ఎవరూ గొంతు విప్పరు. ఒక ఆదివారం తండ్రి గడ్డం పట్టుకుని గట్టిగా అడిగింది.

"నాయనా, అందరూ నాతో ఎందుకు మాట్లాడడం మానేసినారు? నేనేం తప్పు చేసినాను? సూదికి ఏడిస్తినని కోపమా?"

రామచంద్రప్ప తల అడ్డంగా ఊపాడు. బిడ్డ నమ్మలేదు. ఆ సాయంత్రం హోసూరుకు పోకుండా అక్కడే ఉండి, మరునాడు ఒక పలక కొనుక్కొచ్చాడు. నెల రోజులు సెలవు పెట్టాడు. ప్రతి అక్షరం దగ్గరా బిడ్డ అరచేతిని తన గొంతు మీద పెట్టుకుని పలికేవాడు. విన్నదాన్ని పట్టుకోవడంలో చురుకైన పిల్ల కాబట్టి, తనకు గుర్తున్న మాటలను ఆ గీతలకు జత చేసుకుని తొందరగానే నేర్చుకుంది. ఒక రోజు అతను పలక మీద "కోపం లేదు" అని రాశాడు. కదిరమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది.

"కోపం లేకుంటే మరి ఎందుకు మాట్లాడరు?"

అతను పలక తుడిచి మళ్ళీ బలపం పట్టుకున్నాడు. మంజులమ్మ వచ్చి అతని చేతిలోంచి బలపం తీసుకుని, "మాట్లాడుతాం. నీ చెవికి జబ్బు. నీ తప్పు లేదు" అని రాసింది. అది చదవడానికి కదిరమ్మకు చాలాసేపు పట్టింది. చదివాక తన రెండు చెవులూ తడుముకుని చూసుకుంది. "అయితే బస్సులు వస్తానే ఉండాయా?" అని అడిగింది. తల్లి తలూపింది. "అయితే మేలు" అని పడుకుంది.

1967 ఫిబ్రవరిలో జ్వరం తగిలింది. కృష్ణగిరి ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. ఊపిరి అందడానికి దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. చివరి రోజు మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుండగా, కదిరమ్మ అవ్వ చెప్పిన రాజు కథ ఒకటి తనే మొదలుపెట్టింది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి మాటలు ఎగుడుదిగుడుగా వచ్చాయి. రాజు గొంతూ అవ్వ గొంతూ ఒకటైపోయాయి. తల్లీ తండ్రీ అవ్వా మంచం చుట్టూ నిలబడి విన్నారు. కథ సగంలో అలిసిపోయి కళ్ళు మూసుకుంది. గంట తర్వాత పోయింది. దానికి ఏడేళ్ళు నిండలేదు.

పదో రోజు కాత్యాయని కృష్ణగిరి వచ్చింది. అప్పటిదాకా రామచంద్రప్ప పరిశోధనశాలలో ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. అది అంగాళమ్మ నోట విని, కాత్యాయని అరుగు మీద అతని పక్కన కూర్చుంది.

"నేను ఆ దినం 'కాదు' అని ఉండకూడదు రామచంద్రప్పా."

"మీరు చాలా మాటలు చెప్పినారమ్మా. ఆ మందు మనకు పట్టదన్నారు. చెవులకు చెడ్డదన్నారు. నేను ఒక్క మాటే విన్నాను" అన్నాడతను. "తప్పు మీమీదికి తీసుకోవద్దు. అది నాకే ఉండనియ్యండి."

అతను ఉద్యోగం మానలేదు. మేత పోసే పని మాత్రం వద్దని, మళ్ళీ గాజు సామాన్లు కడిగే పనికి పోయాడు. ఎవరు అడిగినా కారణం చెప్పలేదు. హోసూరు ఇంట్లో ఒక్కడే వండుకుని తిన్నాడు. ఆదివారాలు కృష్ణగిరి పోవడం ఆపలేదు. మంజులమ్మ అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు.

పదకొండు నెలల తర్వాత, ఒక సెలవు రోజు పొద్దున, మంజులమ్మ ట్రంకుపెట్టెతో హోసూరులో దిగింది. రామచంద్రప్ప గుమ్మంలో నిలబడి చూశాడు. ఎదురుపోయి పెట్టె అందుకోవాలో లేదో తెలియలేదు.

"నిన్ను క్షమించి రాలేదు మామా" అంది ఆమె మెట్టు మీద నుంచే. "అమ్మ దాని పేరెత్తితే చాలు, ఏడ్చి పడిపోతుంది. వీధిలోవాళ్ళు నన్ను చూస్తే మాట మార్చేస్తారు. ఆ బిడ్డ గురించి మాట్లాడేదానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. అందుకు వచ్చినాను."

అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆమె లోపలికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చుంది. అతను నీళ్ళ చెంబు తెచ్చి ముందు పెట్టి, కాస్త దూరంగా కూర్చున్నాడు.

"అది పుట్టిన దినం యాడ ఉంటివి నువ్వు?" అంది మంజులమ్మ. "మంత్రసాని వచ్చి పిలిచినా నువ్వు కనిపించలేదంట. నేనెప్పుడూ అడగలేదు."

"పెరట్లో ఉంటిని. నీ అరుపులు వినలేక."

"నేను అంతగా అరిచినానా?"

"అరిచినావు. తర్వాత అది అరిచింది. నీకంటే గట్టిగా."

మంజులమ్మ ముఖం చీర కొంగులో దాచుకుంది. అతను దగ్గరికి పోలేదు. ఆమె ఏడుపు నిమ్మళించేదాకా ఆగి, మెల్లగా బిడ్డ పుట్టిన ఆ రోజు ఇంకా ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాడు.